కుక్క కాటుకు తొలి మందు సబ్బునీళ్లే
చిన్న గీత పడినా నిర్లక్ష్యం తగదంటున్న వైద్యులు

బడి నుంచి వస్తున్న పిల్లవాడి పిక్కను వీధికుక్క పట్టుకుంటుంది. ఇంటికి చేరేసరికి రక్తం ఆగిపోతుంది. తల్లి పసుపు అద్ది గుడ్డ కడుతుంది. గాటు పెద్దగా లేదు కదా, రేపు చూద్దామని ఇంట్లోవారు సర్దిచెప్పుకొంటారు. ఏ ఊరిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. రేబిస్ విషయంలో ప్రాణం మీదకు తెచ్చేది తరచుగా ఈ ‘రేపు’ అనే మాటేనని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

రేబిస్ వైరస్ జబ్బుపడిన జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా కండలోకి చేరి, అక్కడి నుంచి నరాల వెంట మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. సాధారణంగా ఇందుకు ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో కొద్ది రోజులే పట్టవచ్చు, మరికొందరిలో ఏడాది దాకా సాగవచ్చు. ముఖం, మెడ, చేతివేళ్ల వంటి చోట్ల కరిస్తే గడువు ఇంకా తక్కువ. ఒకసారి మెదడుకు చేరి లక్షణాలు బయటపడితే, నీరు చూసినా గాలి తగిలినా గొంతు పట్టేసే స్థితి వస్తుంది. ఆ తరువాత చేయగలిగిన వైద్యం దాదాపు లేదు. టీకా పని అంతా ఈ మధ్య గడువులోనే జరగాలి.

గడియారం చూసి 15 నిమిషాలు

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అనే సామెత కుక్కకు వర్తిస్తుందేమో గాని, గాయానికి మాత్రం కాదు. కరిచిన వెంటనే పంపు కింద పెట్టి, సబ్బు రాస్తూ, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. వైరస్‌కు పైన కొవ్వుతో కూడిన పొర ఒకటి ఉంటుంది. సబ్బు ఆ పొరను దెబ్బతీసి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. పంపు లేని చోట బోరింగు నీళ్లు గాని, చెంబుతో ధారగా పోసిన నీళ్లు గాని చాలు. 15 నిమిషాలంటే చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ సమయమే, కనుక గడియారం చూసుకోవడం మేలు. తరువాత పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమిసంహారక మందు రాయవచ్చు.

కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు వంటివి గాయంలో నింపకూడదు. అవి పుండును రేపుతాయే తప్ప వైరస్‌ను ఆపవు. వాటిని కడిగి తీయడానికే ఆసుపత్రిలో సమయం వృథా అవుతుంది. గట్టిగా కట్టు కట్టడం, వెంటనే కుట్లు వేయించుకోవడం కూడా సరికాదు. కుట్లు తప్పనిసరైతే వేరే మందు ఎక్కించిన తరువాతే వేస్తారు.

టీకా ఒక్కటే చాలని భావించరాదు

ఆ వేరే మందే ఇమ్యునోగ్లోబ్యులిన్. జనంలో దీని గురించి తెలిసింది తక్కువ. టీకా వేసిన తరువాత శరీరం సొంతంగా రక్షణ తయారుచేసుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోగా వైరస్‌ను గాయం దగ్గరే పట్టి ఆపడానికి, సిద్ధంగా తయారైన ప్రతిరక్షకాలను గాయం లోపలా చుట్టూ ఎక్కిస్తారు. బరువును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. మొదటి టీకా వేసిన రోజు నుంచి ఏడు రోజులు దాటితే ఈ మందు వేయడంలో ప్రయోజనం లేదు.

ఎవరికి ఏది అవసరమో వైద్యులు మూడు తరగతులుగా చూస్తారు. చర్మం చెక్కుచెదరకుండా కుక్క కేవలం నాకినా, తాకినా టీకా అక్కరలేదు, కడుక్కుంటే చాలు. రక్తం రాని గీత, పైపైన పంటిగాటు ఉంటే టీకా తప్పనిసరి. రక్తం వచ్చిన కాటు, పుండు మీద గాని కంటి, నోటి పొరల మీద గాని లాలాజలం పడటం అయితే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. గాయం ఎంత లోతుగా ఉందన్నది ఇంట్లోవారు తేల్చేది కాదు. పిల్లి, కోతి, ముంగిస, నక్క కాట్లనూ ఇదే విధంగా పరిగణిస్తారు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు సైతం టీకా వేయించుకోవచ్చు. పథ్యం ఏమీ లేదు.

బొడ్డు చుట్టూ సూదుల భయం

పెద్దవారిలో ఇప్పటికీ పాత భయం ఉంది. కడుపు మీద బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే కాలం దేశంలో 2004 చివరితో ముగిసింది. ఇప్పుడు చర్మం లోపలి పద్ధతిలో రెండు భుజాల మీద కొద్దిపాటి మోతాదులో ఇస్తారు. మొదటి డోసు రోజును ‘సున్నా’గా లెక్కించి, తరువాత 3, 7, 28 రోజుల్లో రావాలి. కండలో వేసే పద్ధతి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. ఈ సూదిని పిరుదులో వేయకూడదు. ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితంగానే లభిస్తుంది. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం దీనికి చిరపరిచితమైన చోట్లు.

గాయం మానగానే మిగతా డోసులు మానేయడం చాలామంది అలవాటు. కూలి పోతుందని, బస్సు చార్జీలు కావాలని వాయిదా వేసేవారూ ఉన్నారు. కరిచి నెల దాటినా, ఇంతవరకూ టీకా వేయించుకోని వారు ఇప్పుడైనా వెళ్లాలి.

‘కుక్క పది రోజుల్లో చావకపోతే భయం లేదు’ అన్న మాటలో సగమే నిజం. కుక్క, పిల్లి విషయంలో పది రోజుల పరిశీలన ఉంది. కానీ ఆ పది రోజులు టీకా ఆపి కూర్చోవడానికి కాదు. టీకా మొదలుపెట్టి పక్కన కుక్కను గమనించాలి. అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి వైద్యుడు నిర్ణయిస్తారు. వీధికుక్క అయితే మరునాడు కనబడుతుందన్న నమ్మకమే లేదు.

గేదెను పిచ్చికుక్క కరిచిందని తెలిసి, ఆ పాలు తాగినవారంతా టీకా కోసం బారులు తీరడం పల్లెల్లో అప్పుడప్పుడూ జరుగుతుంది. కాచిన పాలు తాగినందువల్ల రేబిస్ రాదు. పచ్చిపాలు మాత్రం తాగరాదు.

ఇంతకుముందు టీకా కోర్సు పూర్తిగా వేయించుకుని మళ్లీ కాటుకు గురైనవారికి సున్నా, మూడో రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కరలేదు. ఇందుకు రుజువు కావాలి కనుక ఆసుపత్రి ఇచ్చిన చీటీని రేషన్‌కార్డుతో పాటు భద్రంగా దాచుకోవాలని వైద్యులు సూచిస్తున్నారు.