అసైన్డ్ భూమి: గిఫ్ట్ చెల్లదు, వీలునామా చెల్లుతుంది

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఎన్నో దళిత కుటుంబాల ఏకైక ఆస్తి, అమ్మరాదనే షరతుతో సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. ‘బతికుండగానే పిల్లల పేర గిఫ్ట్ చేస్తే తర్వాత పంచాయితీ ఉండదు’ అన్న సలహా దీనికి పనికిరాదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద అమ్మకం, గిఫ్ట్ చెల్లవు. భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. కానీ అదే చట్టం ‘బదిలీ’ నిర్వచనం నుంచి వీలునామాను మినహాయించింది.

వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మేలు. తెలంగాణలో కోర్టు నుంచి ప్రొబేట్ తెచ్చుకోవాల్సిన పని లేదు.

వీలునామా రాయకుండా పట్టాదారు తండ్రి చనిపోతే? హిందూ, బౌద్ధ కుటుంబాల్లో 1956 వారసత్వ చట్టం ప్రకారం ఆయన తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. విరాసత్‌లో కొడుకుల పేర్లే ఎక్కినా ఆడబిడ్డల హక్కు పోదు. కానీ పాస్‌బుక్‌లో పేరు లేని హక్కు కోసం ఏళ్ల తరబడి తిరగాలి. అందుకే విరాసత్ దరఖాస్తులోనే వారసులందరి పేర్లూ రాయించాలి.