దూరపు అజమాయిషీ

2023 జూన్‌లో కోల్‌కతాలో జరిగిన ఒక వీడియో సమావేశాన్ని దేశమంతా చూసింది. ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు అధికారి, లక్ష్యాలు చేరుకోలేదని తన కింది ఉద్యోగులను తెర మీదనే కేకలు వేసి దులిపేశాడు. ఆ దృశ్యాన్ని ఎవరో బయటపెట్టారు. బ్యాంకు ఆయనను సస్పెండు చేసింది. వీడియో సమావేశాలలో ఎలా మాట్లాడాలి, ఎలా కూర్చోవాలి అని పత్రికలలో కొన్నాళ్ళు హితబోధలు వచ్చాయి.

కేకలు వేసే అధికారులు మనకు కొత్త కాదు. అధికారి ఒకచోట, ఉద్యోగి మరొకచోట ఉండగా నడిచే పెత్తనం కూడా కొత్తది కాదు. మన దేశంలో అది పెరిగి పెద్దదైంది కలకత్తాలోనే. ఉత్తరం, తంతి, టెలిఫోను, వీడియో తెర ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. వచ్చిన ప్రతి సాధనమూ ముందుగా పైవాడి చేతిని పొడవు చేసింది. కిందివాడికి ఎంత వెసులుబాటు ఉండాలన్న తగవు ఆ తరువాతగానీ తేలలేదు. కొన్ని సందర్భాలలో ఇంకా తేలలేదు.

ముందుగా ఒక మాట గురించి చెప్పుకోవాలి. అజమాయిషీ అన్నది పారశీకం నుండి మనకు వచ్చిన పదం. అక్కడ దాని అర్థం పరీక్ష. మన రెవెన్యూ శాఖలో పొలాల మీదికి వెళ్ళి పంటను కళ్ళారా చూసి రాసుకోవటాన్ని అజమాయిషీ అన్నారు. అంటే చూసేవాడు నడిచి రావాలి, గట్టు మీద నిలబడాలి, రైతుకు ఎదురుపడాలి. పర్యవేక్షణ అన్న సంస్కృత పదంలో నడక లేదు, చూపు మాత్రమే ఉంది. అనువాదాలు చేసే నాబోటివాళ్ళు రెండింటినీ ఒకే అర్థంలో వాడేస్తుంటారు గానీ, రెండూ ఒకటి కావు.

ప్రియమిత్రుల మందలింపులు

ఈస్టిండియా కంపెనీ గుమస్తాలను 'రైటర్లు' అనేవారు. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ పేరు అలా వచ్చిందే. వారి పై అధికారులు లండన్‌లోని డైరెక్టర్లు. ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి వచ్చే ఓడలో ఒక ఉత్తరం చేరటానికి సుమారు ఆరు నెలలు పట్టేది. ప్రశ్నకు జవాబు రావాలంటే ఏడాది గడిచిపోయేది, ఒక్కోసారి రెండేళ్ళు.

ఈ ఆలస్యానికి తగినట్టుగానే ఒక మర్యాద ఏర్పడింది. ఉత్తరంలో ప్రతి పేరాకూ సంఖ్య వేసేవారు. జవాబు ఆ సంఖ్యల వరుసలోనే సాగేది. కింది నుండి పైకి వెళ్ళే ఉత్తరం వినయ విధేయ సేవకుల సంతకాలతో ముగిసేది. పై నుండి వచ్చే ఉత్తరం, ఎంత చీవాట్లు పెట్టినా సరే, 'మీ ప్రియమిత్రులు' అన్న ధోరణిలోనే ముగిసేది. తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1823 నుండి 1858 దాకా కంపెనీ లండన్ కార్యాలయంలో ఇలాంటి ఉత్తరాల ముసాయిదాలు తయారుచేశాడు. ఆయన భారతదేశంలో ఏనాడూ అడుగు పెట్టలేదు. అంతా కాగితం మీద జరగటమే కంపెనీ పాలనకు గొప్ప రక్షణ అని 1852లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు.

ఆ రక్షణ ఏపాటిదో గవర్నర్ జనరల్ వెల్లస్లీ అప్పటికే చూపించాడు. పైవారి అనుమతి కోసం ఆగకుండా 1800లో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టేశాడు. దాన్ని మూసేయమని 1802 ఆరంభంలో లండన్ ఆజ్ఞ రాసింది. ఆ కాగితం కలకత్తా చేరేసరికి వేసవి వచ్చింది. వెల్లస్లీ అభ్యంతరాలు రాసి పంపి, మూసివేతను వాయిదా వేశాడు. మరల జవాబు వచ్చేలోగా కాలేజీ నడుస్తూనే ఉంది. చివరకు కుదించిన రూపంలో 1854 దాకా బతికింది. ఆ కాలేజీలో పాఠాలు చెప్పిన విలియం కేరీయే 1814లో శ్రీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. ఓడలు మరికాస్త వేగంగా నడిచి ఉంటే ఆ కాలేజీ ఏమయ్యేదో!

వేళ్ళకు తగిలిన వార్త

కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్రం బోధించిన ఐరిష్ వైద్యుడు విలియం ఓషానెసీ 1839లో నగరం పక్కనే సుమారు 21 మైళ్ళ తీగతో తంతి ప్రయోగం చేశాడు. తీగను వెదురు గడల మీద నిలబెట్టాడు. కొంత భాగాన్ని హుగ్లీ నదిలోంచి తీసుకుపోయాడు. వార్తను అందుకునేందుకు ఆయన మొదట వాడిన సాధనం మనిషి వేలు! రెండు చివరలా ఒకే వేగంతో నడిచే గడియారాలుండేవి. వేలికి షాకు తగిలిన క్షణంలో ముల్లు ఎక్కడ ఉన్నదో దాన్ని బట్టి అక్షరాన్ని పోల్చుకునేవారు.

కంపెనీ పన్నెండేళ్ళ పాటు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. డల్హౌసీ వచ్చాక కలకత్తా నుండి డైమండ్ హార్బర్ వరకు లైను పడింది. 1851లో అది పని మొదలుపెట్టింది. అవతలి చివర నుండి తొలి సంకేతాలు పంపినవాడు శివచంద్ర నంది. టంకశాలలో ఓషానెసీ కింద పనిచేసిన బెంగాలీ ఉద్యోగి ఆయన. 1854 మార్చిలో కలకత్తా నుండి ఆగ్రాకు తంతి వెళ్ళింది. 1855లో జనానికి కూడా తంతి వాడుకోనిచ్చారు. మన పల్లెల్లో తంతి వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలయ్యేదన్న సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సిమ్లాలోనో కలకత్తాలోనో ఉన్న అధికారికి తంతి తెచ్చిన భయం వేరు రకం.

1865లో పర్షియన్ సింధుశాఖ మీదుగా, 1870లో సముద్రగర్భ కేబులు ద్వారా లండన్‌తో సంబంధం ఏర్పడింది. నెలలు గంటలయ్యాయి. దీని ఫలితాన్ని అందరికంటే ముందుగా అనుభవించిన వాడు సాక్షాత్తూ వైస్రాయి. 1875 ఆగస్టులో లార్డ్ నార్త్‌బ్రూక్ ప్రభుత్వం సుంకాల చట్టం చేసింది. దిగుమతి నూలు బట్టల మీద 5 శాతం సుంకాన్ని అలాగే ఉంచింది. ఆ సుంకం పోవాలని లాంకషైర్ మిల్లుల యజమానులు పట్టుబడుతున్నారు. లండన్‌లోని మంత్రి సాలిస్‌బరీకి కోపం వచ్చింది. చట్టం చేయటం ఒక తప్పు. తంతి ఉండి కూడా ముందుగా అడగకపోవటం మరొక తప్పు. ముఖ్యమైన చట్టమేదైనా ఇకపై ముందు తమకు తెలియజేయాలన్నాడు. వైస్రాయి దీన్ని అంగీకరించలేకపోయాడు. రాజీనామాకు సొంత కారణాలు చెప్పి, 1876లో వెళ్ళిపోయాడు.

వెల్లస్లీ చేసిన పనికీ నార్త్‌బ్రూక్ చేసిన పనికీ తేడా ఎంతో లేదు. ఇద్దరూ అడగకుండానే చేశారు. మొదటివాడికి సముద్రం అడ్డుపడి కాపాడింది. రెండవవాడి కాలానికి అడగకపోవటమే ఒక నేరమైంది. ఫోనులో దొరకలేదేమని అడిగే పై అధికారి సాలిస్‌బరీ నాడే పుట్టాడని నా ఉద్దేశం.

తంతి భాషకు మర్యాద కూడా ఖరీదైపోయింది. మాటకు ఇంత అని లెక్కగట్టి డబ్బు తీసుకునేచోట 'మహారాజశ్రీ' లకు, 'చిత్తగించవలెను' లకు చోటు దొరకదు. చేయుము, ఆపుము, తెలుపుము అన్నవే మిగిలాయి. ఇప్పుడు ఫోన్లలో పొడిగా వచ్చే ఆజ్ఞలను చూసి నొచ్చుకునేవారు ఈ సంగతి గమనించాలి.

చేతిని బట్టి మనిషి

తీగను నడిపే సిగ్నలర్లదే అన్నిటికంటే విచిత్రమైన ఉద్యోగం. రంగూన్‌లోని ఆపరేటరు కలకత్తా ఆపరేటరును జన్మలో చూసి ఉండడు. అయినా చుక్కలు, గీతలు కొట్టే తీరును బట్టి అవతల ఉన్నది ఎవరో చెప్పగలిగేవాడు. దస్తూరి లాగే ఎవరి చేతి వాటం వారిది.

బ్రిటన్ నుండి వచ్చిన న్యూలాండ్స్ అనే అధికారి సూచనల మీద 1908లో తంతి శాఖ కొత్త డ్యూటీ వేళలు ప్రవేశపెట్టింది. జీతాలు, పని భారం విషయంలో అసంతృప్తి అంతకుముందే ఉంది. ఉద్యోగులు ముందు పనిని నెమ్మదింపజేశారు. వార్తలు గుట్టలు పడ్డాయి. ఏప్రిల్‌లో కలకత్తా, బొంబాయి, మద్రాసు, కరాచీ, రంగూన్ కార్యాలయాలు సమ్మెలోకి దిగాయి. హెన్రీ బార్టన్ అనే తంతి ఉద్యోగి దీనికి నాయకుడు. ఇంగ్లీషువారు, ఆంగ్లో ఇండియన్లు, భారతీయులు కలిసి చేసిన సమ్మె అది. ఒకరి ముఖం ఒకరు ఎరుగని వీరంతా కూడబలుక్కోవటానికి వాడుకున్నది కూడా సర్కారు వారి తీగలనే! చరిత్రకారుడు దీప్ కాంత లాహిరి చౌధురి దీనిపై పరిశోధన చేసి, తెర మీద మాత్రమే కలుసుకునే నేటి సమాజాలకు వీరిని పూర్వీకులుగా చూపాడు. వర్తకం స్తంభించి, వ్యాపార మండళ్ళు కలగజేసుకున్నాయి. సమ్మె ఆ నెలలోనే ముగిసింది.

తంతి ఉద్యోగి బల మీద పోగుపడే కాగితాలను బట్టి అతని పనిని కొలవవచ్చు. టెలిఫోను వచ్చాక కొలత గొంతు దాకా వెళ్ళింది. ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్ల వెనుక సూపర్‌వైజరు తిరుగుతూ, కావాలంటే లైనులో చెవి పెట్టి వినటం ప్రపంచమంతటా రివాజయింది. కలకత్తాలో తొలి ఎక్స్ఛేంజీని 1882 జనవరి 28న కౌన్సిల్ హౌస్ స్ట్రీట్‌లో ప్రారంభించినవాడు ఆర్థిక సభ్యుడు మేజర్ బేరింగ్. చందాదారులు 93 మంది. ఈ బేరింగ్ ఎవరో కాదు, నార్త్‌బ్రూక్‌కు దాయాది, ఆయన దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసినవాడు. తన దొర ఏ సుంకాల కోసం లండన్‌తో తగవు పడ్డాడో, వాటిని బేరింగ్ అదే 1882లో స్వయంగా ఎత్తేశాడు.

ముఖం కనపడటం

ముఖాలు చూపే ఫోనును అమెరికాలోని బెల్ సంస్థ 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో అద్దెకు ఇచ్చింది. నెలకు 160 డాలర్లు. కొనేవాళ్ళు లేకపోయారు. ఖరీదు ఒక కారణమైతే, ఫోను మోగగానే తల దువ్వుకోవలసి రావటం మరొక కారణం. తనంత తానుగా ఎవరూ కోరని ఈ సాధనం ఉద్యోగాలలోకి వచ్చినప్పుడు మాత్రం కాదనే వీలు ఎవరికీ లేకపోయింది.

ఇది తెలుగువారికి బాగా తెలిసిన కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కు సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలిపాక, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కలెక్టర్లతో క్రమం తప్పక వీడియో సమీక్షలు జరిపారు. ప్రయాణాలు తగ్గాయి, పనులు కదిలాయి. కానీ ఇరవై మూడు జిల్లాలు ఒకేసారి తెర ముందు ఉన్నప్పుడు ఒకరికి పడిన అక్షింతలు అందరికీ వినపడతాయి. గదిలో పిలిచి చెప్పటానికీ సభలో చెప్పటానికీ మధ్య ఉన్న పాత గీత అక్కడ చెరిగిపోయింది.

ఇందులో కొంత దోషం మనుషులది కాదు. భూస్థిర ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్ళి కిందికి రావటానికి పావు సెకను పడుతుంది. ఆ విరామంలో అవతలివాడు మాట అందుకుంటే అడ్డు తగిలినట్టు తోస్తుంది. కేబుళ్ళ మీద ఈ జాప్యం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కెమెరా తెరకు పైన ఉంటుంది గనుక, ఎదుటివారి కళ్ళలోకి చూసేవాడు వారికి దించిన చూపుతో కనిపిస్తాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో అలసటకు కారణాలను వివరిస్తూ, తన ముఖాన్ని తానే గంటల తరబడి చూసుకోవటాన్ని కూడా వాటిలో చేర్చాడు. అద్దం ముందు కూర్చుని చీవాట్లు తినటం పూర్వపు గుమస్తాలకు లేని బాధ.

తెర ముందు మనిషికి నియమాలు రాయటంలో ఆఫీసులకంటే న్యాయస్థానాలు ముందున్నాయి. వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. మరుసటి సంవత్సరం కలకత్తా హైకోర్టు ఒక దాంపత్య వివాదంలో అందుకు జాగ్రత్తలు సూచించింది. తెర మీద ఉన్నది ఆ మనిషేనని ముందు రుజువు కావాలి. దృశ్యాన్ని రెండు చివరలా రికార్డు చేయాలి. సాక్షి హావభావాలను కూడా రాసిపెట్టాలి. సాక్షి ఏ దేశంలో ఉన్నా విచారణ భారతీయ కోర్టు వేళల్లోనే జరగాలి, అక్కడ అర్ధరాత్రి అయిందన్న సాకు చెల్లదు. అదే నగరంలో, సాల్ట్ లేక్ ఐదవ సెక్టారు కంప్యూటర్ కంపెనీలలో నియమం తలకిందులు. న్యూయార్క్‌లో ఉదయం పదింటికి పెట్టిన సమావేశానికి అక్కడివారు వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు కెమెరా ముందు కూర్చుంటారు.