కళాశాల వెలుపల రసాయనశాస్త్ర విద్య

రసాయనశాస్త్రము పుస్తకము చదివినంతమాత్రమున పట్టుపడు విద్య కాదు. గణితమునకు పలకయు బలపమును చాలును. చరిత్రకు గ్రంథములు చాలును. రసాయనశాస్త్రమునకు త్రాసు, గాజు గొట్టము, దీపపు మంట కావలెను. వీనితోపాటు తప్పును తప్పని చూపు గురువును కావలెను. కావుననే ఇది చిరకాలము కళాశాలలో చేరగలిగిన కొలదిమంది సొత్తుగా నుండెను. ఆ గడప త్రొక్కు అవకాశము లేనివారు ఈ శాస్త్రమున ప్రథమ పాఠములనైనను నేర్వగలరా? ఈ ప్రశ్న నేటి అంతర్జాల పాఠములతో పుట్టినది కాదు. దీనికి రెండువందల సంవత్సరములకు మించిన చరిత్ర కలదు.

1799లో లండను నగరమున రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థ వెలసెను. అచ్చట హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు రసాయనశాస్త్రముపై బహిరంగోపన్యాసము లిచ్చుచుండెను. వానిని వినుటకు స్త్రీలును పోవుచుండిరి. నాడు ఇంగ్లండులో విశ్వవిద్యాలయముల ద్వారములు స్త్రీలకు తెరువబడి యుండలేదు. ఆ శ్రోతలలో జేన్ మార్సెట్ అను నామె యొకతె. ఉపన్యాసము విన్నంతనే విషయము ఆమెకు బోధపడలేదు. తెలిసినవారితో సంభాషించి, ప్రయోగములను మరల మరల చేసి చూచిన పిమ్మటనే ఉపన్యాసముల సారము తెలిసెను. తనవలె బయట నిలిచినవారి కొరకు ఆమె 1806లో ‘రసాయనశాస్త్ర సంభాషణలు’ అను గ్రంథమును లండనులో ప్రకటించెను. అందు శ్రీమతి బి. యను ఉపాధ్యాయిని, ఎమిలీ, కారొలీన్ అను ఇద్దరు బాలికలు మాటలాడుకొందురు. ఒకరు ప్రశ్నింతురు, ఒకరు శంకింతురు, గురువు ప్రయోగము చేసి చూపును. మొదటి ముద్రణమున గ్రంథకర్త్రి పేరు లేదు.

అదే కాలమున అదే నగరమున ఒక కమ్మరివాని కుమారుడు పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుచుండెను. అతడే మైకేల్ ఫారడే. 1791లో జన్మించిన ఈ బాలుడు స్వల్పమైన బడిచదువుతోనే 1805లో జార్జి రీబో యను పుస్తక వ్యాపారి యొద్ద ఏడేండ్ల శిక్షణకు కుదిరెను. పగలు తాను కుట్టిన పుస్తకములనే తీరిక వేళల చదివెను. వానిలో మార్సెట్ గ్రంథ మొకటి. చదివిన దానిని అతడు వెంటనే నమ్మలేదు. తన కొలది సంపాదనతో చిన్న చిన్న పరికరములు సమకూర్చుకొని, పుస్తకమందలి సంగతులు నిజమో కాదో తానే పరీక్షించెను. అవి నిజమని తేలిన పిదపనే రసాయనశాస్త్రముపై తనకు గురి కుదిరినదని ఫారడే 1858లో, మార్సెట్ మరణించిన యేట, ఒక మిత్రునికి వ్రాసెను. తాను గొప్పవాడైన పిమ్మట తన శాస్త్రవ్యాసముల ప్రతులను కృతజ్ఞతాపూర్వకముగా ఆమెకు పంపుచుండెడివాడు.

ఐనను ఫారడేను పుస్తక మొక్కటియే శాస్త్రజ్ఞుని చేసినదనుట సరికాదు. 1810 నుండి అతడు జాన్ టాటమ్ అనునతని ఇంట జరుగు శాస్త్రోపన్యాసములకు పోయెను. అచ్చటి ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. కమ్మరి పనిచేయు అన్న రాబర్టు ఆ రుసుము నిచ్చెను. అచ్చట అతనికి తోడి విద్యార్థులు, వాదించు స్నేహితులు లభించిరి. 1812లో అంగడికి వచ్చు ఒక పెద్దమనిషి దయతో డేవీ ఉపన్యాసములు నాలుగింటికి టిక్కెట్లు దొరకెను. విన్నదంతయు వ్రాసి, చిత్రములు గీసి, తన చేతితోనే అట్టకట్టి డేవీకి పంపెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ప్రయోగశాల సహాయకునిగా నియమింపబడెను. 1825లో బెంజీనును కనుగొన్నవాడును, పిమ్మట విద్యుద్విశ్లేషణ నియమములను నిరూపించినవాడును ఇతడే. పుస్తకము ద్వారమును తెరచెను. చేతిపని, స్నేహితులు, గురువు అతనిని లోనికి గొనిపోయిరి.

ఇరువదవ శతాబ్దమున ఈ సత్యమును గుర్తించి దూరవిద్యను ఏర్పరచిన వారు కలరు. బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠములు ప్రారంభించెను. శాస్త్ర విద్యార్థులకు అచ్చు పాఠములును, రేడియో, టెలివిజన్ పాఠములును మాత్రమేగాక, ఇంటివద్దనే ప్రయోగములు చేయుటకు పరికరములు గల పెట్టెలను కూడ పంపెను. పిమ్మట వేసవిలో ఒక వారము విద్యార్థులను రప్పించి ప్రయోగశాలలో పని చేయించెను. తెలుగునాట 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. నేడు ఇది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్నది. పాఠములు తెలుగున అచ్చై ఇంటికి చేరెను. ప్రయోగములకు విద్యార్థులు అధ్యయన కేంద్రములకు పోయిరి.

పిమ్మట అంతర్జాలము వచ్చెను. అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠములను లోకమంతటికి ఉచితముగా నందింతునని 2001లో ప్రకటించి, 2002లో యాభై పాఠ్యక్రమములతో ఆరంభించెను. అచ్చటి మొదటి సంవత్సరపు రసాయనశాస్త్ర పాఠములును క్రమముగా అందు చేరెను. 2012లో ఎం.ఐ.టి., హార్వర్డు కలిసి ఎడెక్స్ అను సంస్థను స్థాపించెను. అందు పాఠముతోపాటు వారము వారము లెక్కలును, గడువులును, పరీక్షలును కలవు. ఆ యేడే రసాయనశాస్త్ర ప్రథమ పాఠ్యక్రమ మొకటి అందు నడచెను. భారతదేశమున ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు కలిసి 2003 నుండి ఎన్‌పిటెల్ అను పేర పాఠములను సిద్ధపరచెను. 2017లో కేంద్రప్రభుత్వము ‘స్వయం’ అను వేదికను ప్రారంభించెను. ఇందు పాఠము ఉచితము. ధ్రువపత్రము కోరువారు రుసుము చెల్లించి పరీక్ష వ్రాయవలెను.

ద్వారము ఇంత విశాలమైనను, లోనికి వచ్చి కడవరకు నిలిచినవారు కొలదిమందియే. ఎడెక్స్‌లో ఆ రెండు విశ్వవిద్యాలయములు మొదటి సంవత్సరమున నడపిన 17 పాఠ్యక్రమములలో 8,41,687 నమోదులు జరుగగా, ధ్రువపత్రము పొందినవి 43,196 మాత్రమే; అనగా నూటికి సుమారు అయిదు. మిగిలిన వారందరు ఏమియు నేర్వలేదనుట న్యాయము కాదు. తమకు కావలసిన పాఠము విని వెడలినవారు అందు కలరు. ఐనను ఒంటరిగా కూర్చుండి చదువు సాగించుట ఎంత కష్టమో ఈ అంకెలు తెలుపుచున్నవి.

ప్రథమ పాఠములలో అనేకులు చిక్కుపడు విషయము ‘మోల్’ అను కొలత. ధాన్యపు గింజలను లెక్కింపక కుంచముతో కొలిచినట్లు, కంటికి కానరాని అణువులను శాస్త్రజ్ఞులు మోలులతో కొలుతురు. ఒక మోలులో సుమారు 6.022 × 10²³ అణువులుండును. ఈ సంఖ్యను బట్టీ పట్టిన ప్రయోజనము లేదు. సున్నపు బట్టీ వద్ద నిలిచి చూచిన అర్థమగును. కాల్చిన సున్నపురాయి తేలికయగునని బట్టీ కాల్చువారెల్లరు ఎరుగుదురు. ఎంత తేలికయగునో ఈ శాస్త్రము చెప్పును: శుద్ధమైన రాయి 100 గ్రాములు పూర్తిగా కాలిన, 56 గ్రాముల సున్నము మిగులును, 44 గ్రాములు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. తరుగు నాశము కాదు, లెక్కకు వచ్చు వస్తువే. ఆ సున్నమును నీట కలిపి తేర్చిన తేటలోనికి గొట్టముతో మెల్లగా ఊపిరి ఊదిన, తేట పాలవలె తెల్లబడును. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి తిరిగి సున్నపురాతి పదార్థమే యేర్పడినది. తేటను నోటిలోనికి పీల్చరాదు, కంట పడనీయరాదు.

పసుపు సున్నముతో కలిసి ఎఱ్ఱని పారాణి యగుటయు అట్టిదే. పసుపు క్షారమును గుర్తించు సూచిక యని పాఠము చెప్పును. పసుపు మరకపై సబ్బు రుద్దిన ఎఱ్ఱబారుట దానికి సాక్ష్యము. ఇట్టివి ఇంటి ప్రయోగములు. గాఢమైన ఆమ్లములతో చేయవలసిన వానిని మాత్రము ప్రయోగశాలలో, తెలిసినవారి యెదుటనే చేయవలెను. ఈ లోటును ఏ తెరయు తీర్పజాలదు.

కావున అంతర్జాల పాఠమును తక్కువగా చూడనక్కరలేదు. అదియే సర్వమని భ్రమపడనక్కరలేదు. ఫారడేకు షిల్లింగు పెట్టి వినవలసి వచ్చిన ఉపన్యాసము నేడు గ్రామమున కూర్చున్న బాలికకు ఉచితముగా వినవచ్చును. ఆమెకు కొరవడునది ఉపన్యాసము కాదు. ప్రశ్నించు తోడు, పరీక్షించు చేయి. మార్సెట్ గ్రంథమున ఒక బల్ల చుట్టు ముగ్గురు కూర్చుండిరి. గ్రంథాలయమున అట్టి బల్ల కలదు. వారమున కొక సాయంకాలము ముగ్గురు నలుగురు కలిసి ఒక పాఠము విని, దానిలోని లెక్కను కాగితముపై చేసి, ఒక చిన్న ప్రయోగమును చూచినచో, కళాశాలకు దూరమైన గ్రామమునను రసాయనశాస్త్రము ఆరంభము కాగలదు.