పుష్య అమావాస్యకు సెలవు చీటీ

కేస్లాపూర్‌లో నాగోబా జాతర దర్బారు రోజున ప్రభుత్వ ఉద్యోగులు రెండు రకాలుగా కనిపిస్తారు. కొందరు షామియానా కింద కుర్చీల్లో కూర్చుని అర్జీలు తీసుకుంటారు. వాళ్లకు ఆ రోజు డ్యూటీ. ఇంకొందరు చెప్పుల్లేని కాళ్లతో, తెల్ల బట్టలతో జనంలో నిలబడి ఉంటారు. వాళ్లు మెస్రం వంశపు టీచర్లు, గుమస్తాలు, వాచర్లు. వాళ్లకు ఆ రోజు సెలవు, అదీ దొరికితేనే. నేను రెండో రకం వాణ్ణి. ఇరవై ఏళ్లకు పైగా బడి పంతులుగా పనిచేస్తున్నాను. జీతం ఇచ్చేవాడి పనికీ, మన పేన్ పనికీ మధ్య మనవాళ్లు ఎట్లా నెగ్గుకొచ్చారో ఇక్కడ రాయాలనుకున్నాను. ఇది చిన్న సంగతి అని కొందరు అంటారు. కాదని నా అభిప్రాయం.

ముందు ఆ పని ఎంతటిదో చెప్పాలి. బయటివాళ్లకు జాతర అంటే ఒక రోజు, మహా అయితే మూడు రోజులు. మాకు అది ఒక నెల. పుష్యమాసపు నెలవంక కనిపించగానే మెస్రం వాళ్లం కదులుతాం. పెద్దలు కేస్లాపూర్‌లో కూర్చుని దారి నిర్ణయిస్తారు. సిరికొండ కుమ్మరులకు కుండల సంగతి చెప్పాలి, ఊళ్లకు కబురు వెళ్లాలి. తర్వాత కలశంతో కాలినడకన గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగుకు పోయి గంగాజలం తేవాలి. దారిలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో పాత కట్టుబాటు ఉంది. తిరిగి వచ్చాక నేరుగా గుడిలోకి పోం. మర్రిచెట్టు కింద బస చేస్తాం. ఆ ఏడాది కాలం చేసిన వంశపు పెద్దలకు తూమ్ పూజలు అక్కడే చేస్తాం. అమావాస్య అర్ధరాత్రి గంగాజలంతో మహాపూజ. కొత్త కోడళ్ల భేటి కూడా అప్పుడే. భేటి కాని కోడలు పేన్ ముందు ఇంకా మా ఇంటిది కాలేదన్నట్టే.

అంటే ఇది దూరం నుంచి దండం పెట్టుకుంటే తీరే మొక్కు కాదు. అయ్యప్ప మాల వేసుకున్న మా తోటి ఉపాధ్యాయుడు నలభై ఒక్క రోజుల దీక్షలోనూ బడికి వస్తాడు, పాఠం చెబుతాడు. ఆ దీక్షను కుర్చీలో కూర్చుని కూడా పాటించవచ్చు. మా దీక్షకు నడవాలి.

మా తాత జీతగాడు. చేసిన అప్పు కింద ఒక షావుకారు దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు. నిజాం రాజ్యంలో దీన్ని భగేలా అనేవాళ్లు. అప్పు తీరదు, మనిషి కదలడు. పుష్యమాసంలో చేలల్లో పత్తి ఏరుతుంటారు, జొన్నకు కావలి కావాలి. షావుకారు వదలడు. మరి తాత కేస్లాపూర్ ఎట్లా పోయేవాడు? బదులు పెట్టి. ఆ బదులు ఎవరన్నదే అసలు తెలివి. అన్నదమ్ములను పెట్టలేడు. మెస్రం వాళ్లు ఏడుగురు దేవుళ్ల సగలోని వాళ్లు, పేన్ పిలుపు వస్తే అన్నదమ్ములంతా పోవాల్సిందే. కాబట్టి బావమరిది వచ్చి షావుకారు చేలో మంచె ఎక్కేవాడు. అతనిది వేరే సగ, వేరే పేన్. అతని పేన్ పూజ వచ్చినప్పుడు తాత పోయి అతని పని చేసేవాడు. పెళ్లి సంబంధాల కోసం ఏర్పడ్డ సగల కట్టుబాటు కూలి మనిషికి సెలవు కూడా ఇచ్చింది. మన సగ వ్యవస్థ గురించి పుస్తకాల్లో చాలా చదివాను. ఈ ముక్క మాత్రం మా తాత నోటనే విన్నాను.

షావుకారుకు చేలో ఒక మనిషి ఉంటే చాలు, వాడి పేరేమిటో అక్కర్లేదు. ఆ లెక్కలేనితనమే మనకు కొంత సందు ఇచ్చింది. హాజరు పట్టీ వచ్చాక ఆ సందు మూసుకుపోయింది. నా బదులు నా బావమరిది సంతకం పెట్టలేడు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో కాపురం ఉండి మన మాట నేర్చుకున్నాడు. ఆయన చేసిన పనుల్లో భూమి పట్టాల గురించి అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించేవి ఇంకో రెండు. ఒకటి మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ. పలుగు పార పట్టకుండా, అప్పు పత్రం మీద వేలిముద్ర వేయకుండా నెల జీతం తీసుకున్న మొదటి తరం మనవాళ్లు అక్కడే తయారయ్యారు. నాలాంటి వాళ్లం వాళ్ల వెనకే వచ్చాం. రెండోది ఆ దశకంలోనే కేస్లాపూర్‌లో మొదలైన దర్బారు.

దర్బారు సంగతి నిదానంగా ఆలోచించాలి. అధికారులు తమకు వీలైన తేదీ వేసి గోండులను జిల్లా కేంద్రానికి రమ్మనలేదు. గోండులు ఎట్లాగూ ఎప్పుడు, ఎక్కడ కూడతారో చూసి, ఆ తేదీకి ఆ చోటికి తామే వచ్చారు. అంటే సర్కారు తన పనిని మన పేన్ తిథికి కట్టుకుంది. ఎనభై ఏళ్ల కింద, అదీ ఒక రాజు పాలనలో, ఇది జరిగింది. తెలంగాణ ఏర్పడ్డాక నాగోబా జాతర రాష్ట్ర పండుగ కూడా అయింది. అయినా ఆ పండుగ చేసే మనిషి ఉద్యోగి అయితే అతని సంగతి సెలవు నిబంధనల్లో ఎక్కడా లేదు.

నిబంధనలు ఇవి. ఏడాదికి పదిహేను క్యాజువల్ లీవులు. మధ్యలో వచ్చే ఆదివారాలు కలుపుకుని పది రోజులు మించి ఒకేసారి వాడకూడదు. ఐచ్ఛిక సెలవులు ఏడాదికి ఐదు, అవీ సర్కారు అచ్చేసిన జాబితాలోంచే. పాదయాత్ర, మర్రిచెట్టు కింద బస, తూమ్, మహాపూజ, భేటి, దర్బారు అన్నీ కలిపితే ఇందులో పట్టవు. పైగా తిథి జరుగుతుంటుంది. 2023లో జాతర జనవరి 21న వచ్చింది, సంక్రాంతి సెలవులు కొంత కలిసొచ్చాయి. 2024లో ఫిబ్రవరి 9న పడింది. అప్పుడు పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందరి రోజులు. 2025లో జనవరి 28.

తేదీ మారుతుంది కాబట్టి కుదరదు అనే మాట నేను ఒప్పుకోను. రంజాన్ కూడా నెలవంకను బట్టే వస్తుంది. ఆ నెలలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం ముందుగా ఇంటికి వెళ్లడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. అది న్యాయమైన పని. చంద్రుణ్ణి చూసి ఉత్తర్వు రాయడం సర్కారుకు చేతనవునని అది రుజువు చేస్తుంది. మన చంద్రుడూ అతడే. మేడారం జాతరకు ములుగు, వరంగల్ వైపు కలెక్టర్లు స్థానిక సెలవు ఇస్తారు. లక్షల మంది భక్తులు కదులుతారు కాబట్టి అది తప్పదు. మెస్రం వంశపు ఉద్యోగులు ఎందరుంటారు? కొద్దిమందే. కష్టమంతా ఆ కొద్దిమంది దగ్గరే.

ఆ కొద్దిమంది ఏం చేశారు? మా చిన్నాయన బొగ్గుబావిలో బదిలీ కార్మికుడు. పుష్యమాసంలో మస్టర్లు తగ్గేవి. మస్టర్లు తగ్గితే పర్మినెంటు వెనక్కి పోతుంది. రెండేళ్లు జాతర మానేసి పర్మినెంటు అయ్యాడు. ఆ రెండేళ్ల మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ అక్కడినుంచి లేచి వెళ్లిపోతాడు. పట్నంలో కాపలా ఉద్యోగాలు చేసే పిల్లలు అమావాస్య సాయంత్రం బస్సు దిగి, మహాపూజ చూసి, తెల్లారే బస్సుకు పోతారు. వాళ్లను తప్పుపట్టే పెద్దలున్నారు. నేను పట్టను, ఆ ఒక్క రాత్రికి వాళ్లు రెండు రోజుల కూలి పోగొట్టుకుంటారు.

నేను చేసింది అంతకంటే గొప్పదేం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాదయాత్రకు పోవడానికి జ్వరం అని రాశాను. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చాను. సిబ్బందిలో చాలామంది అట్లాగే చేస్తారు, నాకు నేర్పిందీ వాళ్లే. అయితే వాళ్లు పెళ్లికో ఇల్లు కట్టుకోవడానికో అట్లా రాస్తారు. నేను పేన్ పనికి రాశాను. కలశం వెనక నడుస్తున్నంత సేపూ అదే గుర్తుకొచ్చింది. కడుపు మాడ్చుకుని, కాళ్లు పగలగొట్టుకుని శుద్ధిగా ఉండాల్సిన నెలను అబద్ధంతో మొదలుపెట్టాను. మా కటోడాకు చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ సర్కారుకు మన పేన్ పేరు రాయరాదా?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలియక అడిగాడు.

ఆ తర్వాత అబద్ధం రాయలేదు. మళ్లీ తాత దారే పట్టాను. మా బడిలో ఇంకో ఉపాధ్యాయుడు తొడసం వంశం వాడు. వాళ్ల ఖాందేవ్ పూజ నార్నూర్‌లో పుష్య పౌర్ణమికి. మాది అమావాస్యకు. పౌర్ణమి రోజుల్లో అతని తరగతులు నేను చూస్తాను, అమావాస్య రోజుల్లో నావి అతను చూస్తాడు. వాళ్ల పూజ, మా పాదయాత్ర ఒకే పక్షంలో పడతాయి కాబట్టి నేను నడక మానుకుని, మర్రిచెట్టు దగ్గర మా వాళ్లను కలుస్తాను. పిల్లలకు పాఠం పోదు. పాదయాత్ర మాత్రం నాకు పోయింది.

ఆ మధ్య మా బాపు కాలం చేశాడు. ఆ ఏడు తూమ్ చేయాల్సింది నేనే. కొడుకు లేకుండా తూమ్ జరిగితే ఎట్లా? దరఖాస్తులో కారణం ఉన్నదున్నట్టు రాశాను: కేస్లాపూర్‌లో తండ్రికి తూమ్ పూజ, పది రోజులు. కాగితం పై ఆఫీసుకు పోయి తిరిగొచ్చింది. తండ్రి మరణించి ఏడు నెలలైంది కదా, ఇప్పుడు కర్మ ఏమిటని అడిగారు. మన తూమ్ గురించి ఒక పేజీ రాసి జతచేశాను. తిథి, చోటు, ఎవరు కూర్చోవాలి, ఎందుకు వాయిదా పడదు, అన్నీ రాశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన చరిత్ర వ్యాసం అదొక్కటే. సెలవు నాలుగు రోజులకు మంజూరైంది. మిగతా ఆరు రోజులు జీతం కోతతో పోయాను. మర్రిచెట్టు కింద బాపు పేరు చెప్పి నీళ్లు వదిలేటప్పుడు నా పక్కన మా చిన్నాయన కూర్చున్నాడు.