సిరొంచలో స్క్రాచ్ ఫైళ్లు
గోదావరి అవతల కాళేశ్వరం, ఇవతల మా సిరొంచ. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను పిల్లలకు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్ నేర్పుతాను. ఎంఐటీ మీడియా ల్యాబ్ దాన్ని 2007లో లోకానికిచ్చింది. అప్పట్లో ప్రాజెక్టును దాచే ఎస్‌బీ ఫైలు, స్క్వీక్ అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థ రాసిన బైనరీ. తెరిచి చూసినా మనకేమీ అర్థం కాదు. 2013లో వచ్చిన ఎస్‌బీ2తో అది జిప్ మూటగా మారింది. ఈ మార్పంటే నాకెంతో ఇష్టం. 2019 నాటి ఎస్‌బీ3 కూడా అంతే. పాత స్క్రాచ్ 2.0లో ఎస్‌బీ3 తెరుచుకోదు, అందుకే ఫైలు పోయిందని ఏడ్చే పిల్లతో ముందు ఫైలు పేరు చివర ఎస్‌బీ2 ఉందా, ఎస్‌బీ3 ఉందా చూడమంటాను. నకలు తీసి, ఎస్‌బీ3 బదులు జిప్ అని మార్చి విప్పితే బొమ్మలు, శబ్దాలు, ప్రాజెక్ట్.జేసన్ కనిపిస్తాయి. ఆమె పేర్చిన బ్లాకులన్నీ ఆ జేసన్‌లోనే అక్షరాలుగా ఉంటాయి. ఫైలు బాగానే ఉండి తెర మీది స్క్రాచ్ పిల్లి బొమ్మ కదలకపోతే, పచ్చజెండా బ్లాకు నుంచి ఊడిపోయిన వరసను వెతకమంటాను.