స్టారీ నైట్ (నవల)

అమెరికన్ రచయిత్రి డెబీ మెకోంబర్ రాసిన క్రిస్మస్ ప్రేమ నవల. బాలంటైన్ బుక్స్ 2013లో ప్రచురించింది. కథ ప్రధానంగా అలాస్కా మంచు అడవుల్లో సాగుతుంది.

క్యారీ స్లేటన్ షికాగోలో ఓ దినపత్రికకు విందులు, వేడుకల వార్తలు రాసి రాసి విసిగిపోయిన యువతి. ఫిన్ డాల్టన్‌ను ఇంటర్వ్యూ చేసుకొస్తే నచ్చిన విషయం రాసుకోవచ్చని ఎడిటర్ మాటిస్తాడు. అలాస్కాలో ఒంటరి బతుకు గురించి ఫిన్ రాసిన 'అలోన్' అమ్మకాల్లో దూసుకుపోతోంది. మనిషి మాత్రం విలేకరులకు మొహం చాటేస్తాడు. క్యారీ ముందు అతని తల్లి ఆచూకీ పట్టుకుని, ఆపైన చిన్న విమానంలో వెళ్లి అతని దుంగల ఇంటి దగ్గర దిగుతుంది. మంచు తుపాను ఆమె తిరుగు ప్రయాణానికి అడ్డం పడుతుంది. ఇద్దరు మనుషులు, ఒక కుక్క, బయట గడ్డకట్టే చలి! తర్వాతేమిటో ప్రేమకథలు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ చిక్కుబడటం మరీ కాకమ్మ కథేమీ కాదు. అలాస్కాలో చాలా ఊళ్లకు రోడ్డే లేదు. చిన్న విమానాలే దిక్కు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో డిసెంబరు మూడో వారంలో పగలు 4 గంటలు కూడా ఉండదు. నమ్మడం కష్టమైనదల్లా ఫిన్ మనసు కరిగిన వేగమే.

మెకోంబర్‌కు అలాస్కా కొత్త కాదు. 1990ల మధ్యలో వచ్చిన ఆమె 'మిడ్‌నైట్ సన్స్' నవలల్లో, హార్డ్ లక్ అనే కల్పిత ఊళ్లో విమానాలు నడిపే అన్నదమ్ములు ఉద్యోగం, ఇల్లు, 20 ఎకరాల భూమి ఇస్తామంటూ ఆడవాళ్లను రప్పిస్తారు.