కువైట్ నుంచి అమ్మాన్ దాకా: 1990 నాటి దారి

అక్కలూ, చెల్లెళ్లూ! ఊరి నుంచి ఫోన్ వస్తే ఈమధ్య మొదటి మాట ఒకటే కదా: "అక్కడ గొడవలంట, నువ్వెట్లా ఉన్నావ్?" అని. ఈ ప్రశ్న మనకంటే ముందు మన పెద్దవాళ్లను కూడా అడిగారు.

1990 ఆగస్టు 2న తెల్లారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అప్పుడక్కడ దాదాపు 1,70,000 మంది భారతీయులున్నారు. మన కడప, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ ఉన్నారు. బ్యాంకులు మూసేశారు. కువైట్ దీనారూ, ఇరాక్ దీనారూ సమానమే అని కొత్త పాలకులు ప్రకటించేసరికి, కష్టపడి దాచుకున్నది కళ్లముందే కరిగిపోయింది.

డబ్బు కంటే పెద్ద చిక్కు పాస్‌పోర్టు. చాలామంది పాస్‌పోర్టులు కఫీళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఆ కఫీళ్లలో ఎందరో అప్పటికే దేశం దాటేశారు. అలాంటి వాళ్లకు మన రాయబార సిబ్బంది తాత్కాలిక ప్రయాణ పత్రాలు రాసిచ్చారు.

విదేశాంగ మంత్రి గుజ్రాల్ గారు బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. సద్దాం ఆయన్ని కౌగిలించుకున్న ఫొటో చూసి చాలామంది తప్పుబట్టారు. అట్లా అన్నవాళ్ల బిడ్డలెవరూ అప్పుడు కువైట్‌లో లేరేమోనని నాకనిపిస్తుంది.

దారి మాత్రం సుళువు కాదు. బస్సుల్లో బస్రా, బాగ్దాద్, ఆపైన ఎడారి. జోర్డాన్ సరిహద్దులో ఎండలో, డేరాల్లో రోజుల తరబడి ఎదురుచూపులు. తమకే నీళ్లు తక్కువైన ఆ చిన్న దేశం, అన్ని దేశాల వాళ్లూ లక్షల్లో వచ్చిపడితే తట్టుకుంది. అమ్మాన్ నుంచి రెండు నెలల్లో దాదాపు 500 విమానాల్లో లక్షమందికి పైగా ముంబై చేరారు.

తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. దేశం వదిలిరావాల్సి వచ్చినందుకే ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, లేదా వేరే క్లెయిం పెట్టకపోతే 4,000. అయితే అక్కడున్నామని, అక్కడినుంచి వచ్చామని చూపించుకోవాలి. అకామా, టిక్కెట్టు ముక్క, వీటికి అప్పుడు విలువొచ్చింది.

ఇప్పుడు కువైట్‌లో 2015 నాటి ఇంటిపనివాళ్ల చట్టం ఉంది. మీరు ఒప్పుకోకుండా యజమాని మీ పాస్‌పోర్టు పెట్టుకోకూడదు. ఇచ్చేసి ఉంటే మెల్లగా, మర్యాదగానే అడగండి. ఈలోగా దాని ఫొటో తీసి ఇంటికీ పంపండి. గొడవలున్నచోట చెక్‌పోస్టు దగ్గర మాత్రం ఫోన్ బయటికి తియ్యకండి, సిపాయిలను అసలు ఫొటో తియ్యకండి.

మీ ఇంట్లో పిన్నిగానీ, మేనత్తగానీ ఆ అమ్మాన్ దారిన వచ్చినవాళ్లుంటే, చేతిలో ఏ కాగితాలతో బయల్దేరారో అడిగి, వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి గ్రూపులో పెట్టండి.